మచ్చుముక్క

ఆయనకి గొప్పగా చెప్పుకోవడానికి ఒక్కటే ఉంది. నలభై ఏళ్ళలో ఒక్క అక్షరం తప్పు చెక్కలేదు. డాక్టర్ల తలుపులకి ఇత్తడి పలకలు, ఆటల పోటీల కప్పులు, పదవీ విరమణ గడియారాల వెనక తేదీలు, సమాధుల మీద బిగించే రేకులు, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. బజారులో అందరూ ఆయన్ని అక్షరాలాయన అనేవారు. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

తప్పు పోకపోవడానికి కారణం తెలివి కాదు, భయం. లోహం మీద గీత పడిందంటే పడ్డట్టే. అందుకని ఏ పని వచ్చినా ముందు పనికిరాని అల్యూమినియం రేకు ముక్క ఒకటి తీసుకుని, దాని మీద మొత్తం చెక్కి చూసుకునేవాడు. ఎడం సరిపోయిందా, చివరి అక్షరం అంచుకి కొట్టుకుంటోందా అన్నది తేలాకే అసలు పలక బిగించేవాడు. ఆ రేకుని మచ్చుముక్క అనేవాడు. పనైపోగానే అది బల్ల కింద తుక్కు డబ్బాలో పడేది. నెలకోసారి తుక్కు వ్యాపారి వచ్చి తూకం వేసి పట్టుకుపోయేవాడు. పని నేర్పిన గురువు అలాగే చేసేవాడు, ఈయనా అలాగే చేశాడు. అందులో ఆలోచించాల్సింది ఏముంది?

ఆయన చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. భర్త బతికుండగా జీతంలో కొంత కొంత పెట్టి, కంటికి కనబడని ఆ కంప్యూటర్ నాణేలు కొనేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. అక్షరాలాయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. "బావా, వాటిని చెక్కించుకోవాలంటే చెప్పు, ఉచితంగా చెక్కిపెడతా, కాకపోతే ముందు నాణెం తెచ్చి చూపించు" అనేవాడు. బావ గుండెపోటుతో పోయాక లెక్క చూస్తే, అందరూ నవ్విన ఆ నాణేలే ఇంటికి మిగిలిన ఆస్తి.

ఆ ఆస్తికి పని కూడా అప్పటికే సిద్ధంగా ఉంది. మేనకోడలికి పంతొమ్మిదేళ్ళు. వెన్నెముక ఏటేటా ఒక పక్కకి వంగిపోతోంది. ఇంకా ఆలస్యమైతే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుందని డాక్టరు తేదీ ఇచ్చేశాడు. నాలుగు నెలల్లో ఆపరేషన్. నాణేలన్నీ అప్పటికప్పుడు అమ్మినా ఖర్చుకి పావు వంతు తక్కువ పడుతోంది. ధర మాత్రం వారం వారం పెరుగుతోంది. నాలుగు నెలలు ఆగితే సరిపోతుందని చెల్లెలు ఆగింది. దాన్ని ఆశ అనాలంటే నాకు మనసొప్పదు. కూతురి నడుముకి తల్లి లెక్క కట్టుకోవడం అది.

అంతలో నాణేలు దాచిన కంపెనీ ఉన్నట్టుండి రెండు రోజులు చెల్లింపులు ఆపేసింది. ఆ రెండు రోజులూ చెల్లెలు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మూడో రోజు కంపెనీ మళ్ళీ తెరుచుకోగానే, ఆసుపత్రిలో తనతో పనిచేసే ఎక్స్‌రే ఆయన్ని ఇంటికి పిలిచింది. ఆయనకి ఈ వ్యవహారాలు బాగా తెలుసు. నెమ్మదైన మనిషి, రూపాయి ఆశించకుండా చెప్పేవాడు.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు.

"చూడండి సిస్టర్" అన్నాడు ఎక్స్‌రే ఆయన. "కంపెనీలో ఉంచితే వాళ్ళ బీరువాలో మన సొమ్ము ఉన్నట్టు. తాళంచెవి వాళ్ళ దగ్గరే. మొన్న చూశారుగా."

"ఫోన్లో పెట్టుకుంటేనో?"

"తాళంచెవి మీదే. కానీ ఫోన్ని నమ్ముతారా? పిచ్చి లింకు ఒక్కటి నొక్కితే చాలు, ఊడ్చిపెట్టుకుపోతారు. నన్నడిగితే ఇది తీసుకోండి." జేబులోంచి పెన్‌డ్రైవ్ అంత పరికరం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంటర్నెట్‌కి తగలకుండా తాళంచెవి ఇందులోనే ఉంటుంది. డబ్బు బయటికి పోవాలంటే దీని మీద బొత్తాం నొక్కాలి."

"ఇది పోతే?" అంది మేనకోడలు.

"మంచి ప్రశ్న. ఇది పోయినా పాడైనా ఫర్వాలేదు. మొదలుపెట్టేటప్పుడు ఇరవై నాలుగు మాటలు చూపిస్తుంది. గొడుగు, కిటికీ, ఉప్పు, ఇలా ఒకదానికొకటి సంబంధం లేని మాటలు. అవి వరసగా ఉంటే కొత్త పరికరంలో కొట్టి మొత్తం తిరిగి తెచ్చుకోవచ్చు. అసలు పర్సు ఈ పరికరం కాదు, ఆ మాటలే. అవి ఎవడి చేతికి చిక్కితే డబ్బు వాడిది. పోలీసులూ ఆపలేరు, బ్యాంకూ ఆపలేదు. ఫోటో తీయకండి, కంప్యూటర్లో రాయకండి, నాక్కూడా చూపించకండి."

"మరి ఎక్కడ రాసుకోవాలి?"

"కాగితం మీద. కాకపోతే కాగితం తడుస్తుంది, కాలుతుంది. కొందరు స్టీలు పలక మీద చెక్కించుకుంటారు."

అందరూ అక్షరాలాయన వైపు చూశారు. ఆయనకి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అంత గౌరవంగా ఆయన వైపు ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎన్నాళ్ళైందో.

చెల్లెలు పరికరం తెర మీది మాటలు కాగితం మీద రాసుకుంటున్నంతసేపూ ఎక్స్‌రే ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తప్పు చేసిన పిల్లాడిలా ఉన్నారండీ అని మేనకోడలు నవ్వింది కూడా. ఆ సాయంత్రమే నాణేలన్నీ కంపెనీ నుంచి ఆ పరికరంలోకి మారాయి.

మర్నాడు అక్షరాలాయన షట్టరు సగం దించి పని మొదలుపెట్టాడు. చెల్లెలు స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఆయన మాటల అర్థం చదవలేదు, అక్షరం వెనక అక్షరం చూశాడంతే. మచ్చు చెక్కాడు, ఎడం చూసుకున్నాడు, స్టీలు పలక బిగించాడు. రెండు గంటలు పట్టింది. చివర్లో కాగితానికి చెల్లెలి కళ్ళ ముందే అగ్గిపుల్ల గీశాడు. బూడిద కూడా నలిపి ఊదేశాడు.

"నా దగ్గర ఏ రహస్యమూ మిగలదమ్మా" అన్నాడు.

భర్త పోయాక ఆ రోజే చెల్లెలు మనసారా నవ్వింది. పలకని వంటింట్లో మందుల అలమర వెనక మేకులతో బిగించుకుంది.

ఆ పని ఎంత బాగుందో ఎక్స్‌రే ఆయన తన స్నేహితులిద్దరికి చెప్పాడు. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. రెండు నెలల్లో తొమ్మిదిమంది వచ్చి పలకలు చెక్కించుకున్నారు. వాళ్ళ విషయంలో అక్షరాలాయన తనకి తాను కఠినమైన నియమం పెట్టుకున్నాడు. బిల్లు రాయడు, పేరు అడగడు, ఫోన్ నంబరు తీసుకోడు, కాగితం వాళ్ళ ఎదుటే కాలుస్తాడు. రేపు ఎవడైనా పీక మీద కత్తి పెట్టినా చెప్పడానికి తన దగ్గర ఏమీ ఉండకూడదు. వచ్చినవాళ్ళు ఆ జాగ్రత్త చూసి దండం పెట్టినంత పని చేసేవారు.

ఆపరేషన్‌కి ఐదు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో చెల్లెలు ధర చూద్దామని ఫోన్ తెరిచింది. సున్నా. మళ్ళీ తెరిచింది. సున్నా. ముందు రోజు ఉదయం మొత్తం ఒకేసారి ఎవరి ఖాతాకో వెళ్ళిపోయి ఉంది. పరుగున ఇంటికెళ్ళి చూస్తే పరికరం బీరువాలోనే ఉంది. పలక అలమర వెనకే ఉంది, మేకు కూడా కదల్లేదు.

బయటివాళ్ళెవరూ ఇంట్లోకి రాలేదు. మరి ఆ మాటలు ఎవరికి తెలుస్తాయి? పరికరం తెచ్చిందెవరు, మొదలుపెట్టిందెవరు? చెల్లెలు ఒంటికాలి మీద లేచి ఆసుపత్రిలో అందరి ముందూ ఎక్స్‌రే ఆయన చొక్కా పట్టుకుంది. నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చింది. పోలీసులు ఆయన ఫోన్ తీసుకుపోయారు. ఆసుపత్రివాళ్ళు విచారణ తేలేదాకా రావద్దన్నారు.

రెండు రోజుల తర్వాత ఎక్స్‌రే ఆయన షాపుకి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"మీరైనా చెప్పండి మాస్టారూ. ఆ రోజు నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. మీరు చూశారు."

అక్షరాలాయన చూశాడు. స్పష్టంగా చూశాడు. కానీ చెల్లెలి ఏడుపు ఇంకా చెవుల్లో గింగురుమంటోంది. ఎవడో ఒకడు దొంగ కావాలి, లేకపోతే ఆ ఏడుపుకి దిక్కేది?

"నాకు సరిగ్గా గుర్తులేదండీ" అన్నాడు, చేతిలో పని ఆపకుండా.

ఎక్స్‌రే ఆయన వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు అక్షరాలాయన ఆ పూటంతా తనని తాను సమర్థించుకున్నాడు. సమర్థించుకోవాల్సి వచ్చిందంటేనే తెలుస్తోందిగా.

వారం తిరక్కుండా తుక్కు వ్యాపారి వచ్చాడు. డబ్బా బయటికి లాగి, ఎప్పుడూ లేనిది నవ్వు మొహంతో అన్నాడు:

"ఈసారి చిన్న రేకులకి రెట్టింపు ధర ఇస్తా మాస్టారూ. వాటిని మాత్రం మిగతా తుక్కులో కలపకుండా విడిగా కట్టివ్వండి."

"ఏం, బంగారం పూత పెట్టానా వాటికి?"

"ఏమో మరి. యార్డులో సరుకు విడదీసేవాడు ఒకడు అడుగుతున్నాడు. మీ షాపు రేకులే కావాలంట. మొన్నటిదాకా ఊరికే ఏరుకునేవాడు, ఇప్పుడు డబ్బిస్తానంటున్నాడు. అక్షరాల పిచ్చేమో!"

అక్షరాలాయన డబ్బాలోకి చూశాడు. పైనే, కిందటివారం చెక్కిన మచ్చుముక్క ఉంది. ఇరవై నాలుగు మాటలు, వరసగా, ఎడం తప్పకుండా, కళ్ళజోడు లేనివాడు కూడా చదువుకునేంత చక్కగా ఉన్నాయి.

స్టూలు మీద కూలబడ్డాడు. కాగితం కాల్చాడు, బూడిద ఊదాడు, షట్టరు దించాడు. మేనకోడలి ఆపరేషన్ని మాత్రం తన చేత్తో కాటాలో పెట్టి, తూకం వేయించి, చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

పోలీసులు యార్డుకి వెళ్ళేసరికి ఆ మనిషి లేడు. వాడి ఊరేదో, పేరేదో ఎవరికీ తెలియదు. పోయిన డబ్బు తిరిగి రావడం కష్టమని ఇన్‌స్పెక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆ సాయంత్రం చెల్లెలికి చెప్పాడు. ఆమె యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. అరుస్తుందనుకున్నాడు, చెయ్యి చేసుకుంటుందనుకున్నాడు, చేసుకుంటే బాగుండనుకున్నాడు. ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపింది.

"కాగితం నా కళ్ళ ముందే కాల్చావు కదా అన్నయ్యా."

"కాల్చానమ్మా."

చొక్కా తీసి మడతపెట్టింది. తర్వాత అంది: "మరి నేను అంతమందిలో ఆయన చొక్కా పట్టుకున్నాను."

ఇద్దరూ కలిసి ఎక్స్‌రే ఆయన ఇంటికి వెళ్ళారు. ఆయన గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు, లోపలికి రమ్మనలేదు. చెల్లెలు చేతులు జోడించింది. అక్షరాలాయన గోడవైపు తిరిగిన కుర్చీ సంగతి కూడా ఒప్పుకున్నాడు.

"నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుంది" అన్నాడు.

ఎక్స్‌రే ఆయన ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు చిట్లించాడు. "సిస్టర్ కాక మీరు ఇంకా ఎంతమందికి చెక్కారు?"

"తొమ్మిదిమందికి" అన్నాడు అక్షరాలాయన. ఇన్నాళ్ళూ ఆయన ఏడ్చింది తన ఇంటి కోసమే. మిగతా మచ్చుముక్కలు కూడా అదే డబ్బాలో, అదే యార్డుకి వెళ్ళాయన్నది ఆ క్షణం దాకా తట్టనే లేదు.

"నేను పంపినవాళ్ళు ఇద్దరు. వాళ్ళకి నేను ఫోన్ చేస్తా. మిగతా ఏడుగురి నంబర్లు చెప్పండి."

అక్షరాలాయన దగ్గర నంబర్లు లేవు. పేర్లూ లేవు. ఒకరికి ఎర్ర గొడుగు ఉండేది. ఇంకొకావిడ చంటిబిడ్డని ఎత్తుకొచ్చింది. అంతే గుర్తుంది. ఎక్స్‌రే ఆయన ఇద్దరికీ ఫోన్ చేశాడు. ఒకాయన డబ్బు అప్పటికే పోయింది, ఆయనకి ఆ ఫోన్‌తోనే తెలిసింది. రెండో ఆయనది మిగిలింది. తను చెప్పినవాళ్ళని అడిగి చూస్తానని ఆ రెండో ఆయన అన్నాడు. కానీ మాట ఎవరి నోట ఎక్కడిదాకా పోయిందో, చెక్కించుకున్న ఏడుగురూ ఎవరో ఆయనకీ తెలియలేదు.

మర్నాడు ఉదయం అక్షరాలాయన పెద్ద ఇత్తడి పలక ఒకటి బల్ల మీద పెట్టుకున్నాడు. అలవాటుగా చెయ్యి బల్ల కిందికి వెళ్ళి ఒక రేకు ముక్క పట్టుకుంది. దాన్ని పక్కన పడేసి, నలభై ఏళ్ళలో మొదటిసారి మచ్చు లేకుండా చెక్కాడు.

ఇక్కడ స్టీలు పలక మీద మాటలు చెక్కించుకున్నవారికి. మీ మాటలు బయటికి పోయాయి. మీ డబ్బు ఇప్పుడే వేరే చోటికి మార్చుకోండి. తప్పు నాది.

చివరి మాటకి చోటు చాలలేదు. అక్షరాలు అంచుకి కొట్టుకుని ఇరుక్కున్నాయి. ఆయన అలాగే వదిలేశాడు.

మేనకోడలు సాయం వచ్చింది. ఆపరేషన్ తేదీ ఇంకొకరికి ఇచ్చేశారని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిన రోజు అది. ఆయన స్టూలెక్కి షాపు ముందు పలక బిగిస్తూ అడిగాడు:

"సమంగా ఉందా అమ్మా?"

"నన్నడుగుతావేం మామయ్యా? నేను నిలబడితే ప్రపంచమంతా ఒక పక్కకి ఒరిగే ఉంటుంది" అంది నవ్వుతూ. నవ్వాక ఊపిరి కూడదీసుకోవడానికి కాస్త ఆగింది. ఆ ఆగడం ఆయనకి వినపడింది.

ఆ అమ్మాయి పలక మొత్తం చదివింది. బజారు అప్పుడే మొదలవుతోంది. పలక వైపు చూడకుండానే మనుషులు దాటిపోతున్నారు.

"ఆ ఏడుగురిలో ఎవరైనా మళ్ళీ ఇటు వస్తారా మామయ్యా?"

ఆయన స్టూలు మీదే, స్క్రూ తిప్పే చెయ్యి ఆపి, వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"ఎందుకొస్తారమ్మా" అన్నాడు. "నా పనిలో తప్పుంటే కదా, తిరిగొచ్చేది."