రెండు జతల కళ్ళు

రేపు పొద్దున రెల్లు కోస్తారు. నీటి సరఫరా ఆఫీసు వాళ్ళు చెరువు గేటుకు నోటీసు అంటించి వారమైంది. ఏటా చలికాలం చివర్లో కోయడం మామూలే. ఈసారి మాత్రం ఆ కాగితం చదివిన దగ్గర్నుంచి నాకు సరిగా నిద్ర లేదు. మా తమ్ముడు చూశానని చెప్పిన రెల్లుకొంగ ఉంటే గింటే ఆ రెల్లులోనే ఉండాలి. నాకు ఈ ఒక్క రోజే మిగిలింది.

మా పక్షుల బృందంలో పదకొండు మందిమి ఉన్నాం. శనివారం సాయంత్రాలు గడియారాల కొట్లో, విప్పిన గడియారాలను పక్కకు జరిపి, బల్ల చుట్టూ కూర్చుంటాం. రిజిస్టరు నేను రాస్తాను. బడిలో హాజరుపట్టీ రాసే చెయ్యి కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. నియమాలు కూడా నేనే పెట్టాను. అరుదైన పక్షి అయితే ఇద్దరు కలిసి చూడాలి. ఒక్కరే చూస్తే పేరు పక్కన ప్రశ్నార్థకం పడుతుంది. చూసింది అక్కడికక్కడే రాసుకోవాలి, ఇంటికెళ్ళి గుర్తు చేసుకుని రాస్తే కుదరదు. మనిషి తాను కోరుకున్నదాన్నే గుర్తుంచుకుంటాడని వాళ్ళకు చెప్పిందీ నేనే.

ఐదు వారాల కిందట తమ్ముడు ఒక్కడే వెళ్ళి రెల్లుకొంగను చూశాడు. గోధుమరంగు పక్షి, ఒంటినిండా ఎండుగడ్డిలాంటి చారలు. అలికిడైతే మెడ నిటారుగా సాచి, రెల్లుకాడల మధ్య మరో కాడలా నిలబడిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఎవరికీ కనపడలేదు. నేను వాడి పేరు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. సొంత తమ్ముడని వదిలేస్తే నా మాట ఎవరు వింటారనుకున్నాను. బృందంలో ఒకరిద్దరు నవ్వారు. మర్నాడు తెల్లవారకముందే వాడు కెమెరా పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. చెక్కబాట దిగి రెల్లులోకి నడిచినట్టున్నాడు. పైన పలచగా గడ్డకట్టిన మంచుపొర, కింద మనిషిలోతు నీళ్ళు. మధ్యాహ్నానికి దొరికాడు. కెమెరాలో ఏమీ లేదు.

"లేని పిట్ట కోసం పోయాడు" అని బయట అంటున్నారు. ఆ మాట అమ్మ చెవిన పడింది. "అసలు అది ఉందా తల్లీ?" అని రోజూ అడుగుతుంది. ఉందని తేలితే వాణ్ని నమ్మని అక్కను నేను. లేదని తేలితే వాడు అబద్ధాలకోరు. రెండింటిలో నాకు మొదటిదే కావాలి.

నాతో వచ్చింది గడియారాలు బాగుచేసే బాబాయి. వరసకు ఏమీ కాడు, బృందంలో అందరికీ బాబాయే. తమ్ముడికి పక్షులను పరిచయం చేసింది ఆయనే. వాడి పొడుగుకాళ్ళు చూసి కొక్కిరాయి అని పేరు పెట్టిందీ ఆయనే. తెల్లారేసరికి ఇద్దరం నీటి ఒడ్డున చెక్కగదిలో కూర్చున్నాం. కంటి ఎత్తులో పొడుగాటి సందు, ఒక బల్ల, అంతకు మించి ఆ గదిలో ఏమీ లేదు. చలికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి, నోటుబుక్కు ఆయన తీసుకున్నాడు.

ఆ రోజు అదృష్టం మమ్మల్ని వెంటపడి తరిమింది. పావుగంటకే బూడిదరంగు పిల్లిగద్ద ఒకటి రెల్లు మీదుగా తేలుతూ వచ్చింది.

"చూశావా టీచరమ్మా?"

"చూశాను."

"నేనూ చూశాను. రాస్తున్నా."

తరవాత తెల్లబాతులు రెండు వచ్చాయి, ఒంటి మీద సిరాతో గీసినట్టు నల్లగీతలున్నవి. వాటి కోసం బాబాయి ఆరేళ్ళుగా చూస్తున్నాడు. ఆ వెనకే చిన్న ఉల్లంకి, బురద అంచున కుట్టుమిషను సూదిలా కిందికీ పైకీ ఊగుతూ. ఆపైన పట్టపగలు వేటాడే గుడ్లగూబ.

"ఇవాళేమిటమ్మా, పెళ్ళికి పిలిచినట్టు వస్తున్నాయి?" అన్నాడు బాబాయి.

"పిలిచింది వీటిని కాదుగా" అన్నాను.

ఆయన నాలుక కరుచుకున్నాడు. కాసేపటికి ఫ్లాస్కు మూత తిప్పుతూ, "కొక్కిరాయిగాడుంటే ఈపాటికి గంతులేసి అన్నిట్నీ లేపేసేవాడు" అన్నాడు.

"నా క్లాసులోనూ అంతే. రెండుసార్లు బెంచీ ఎక్కించాను."

"తమ్ముణ్నా?"

"తమ్ముడనే ఎక్కించాను."

"నీ చేతిలో పడ్డవాడెవడూ బతికి..." అని నవ్వబోయి ఆగిపోయాడు. టీ నా వైపు జరిపాడు. తాగలేకపోయాను.

మధ్యాహ్నానికి ఏడు రకాలయ్యాయి. మామూలుగా వాటిలో ఒక్కటి కనపడినా నెలరోజులు చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఒక్కొక్కటీ వచ్చి వాలుతుంటే నాకు భయం పెరిగింది. ఒక రోజుకు ఇంతే అదృష్టం అని ఉంటుందేమో, అదంతా అక్కర్లేనివాటి మీద ఖర్చయిపోతోందేమో అనిపించింది.

మూడు దాటాక ఎడమవైపు నుంచి నల్లకొంగ వచ్చింది. ఇద్దరం చూశాం. బాబాయి తల వంచి రాయడం మొదలుపెట్టాడు. నేను కళ్ళు మళ్ళీ రెల్లువైపు తిప్పాను.

గాలి లేదు. అయినా ఒక కాడ కదిలింది. కదిలి, ఆగి, నన్ను చూసింది. మెడ పొడుగునా చారలు, ముక్కు ఆకాశం వైపు, ముక్కుకు రెండు పక్కలా పసుపుపచ్చ కళ్ళు. వాడు చెప్పింది చెప్పినట్టే ఉంది. మాట వినపడితే ఎగిరిపోతుంది. చెయ్యి చాచి బాబాయి భుజం పట్టుకున్నాను.

"ఉండమ్మా, టైము రాస్తున్నా. అక్కడికక్కడే రాయాలనేది నువ్వే కదా" అన్నాడు తలెత్తకుండా.

గట్టిగా నొక్కాను. ఆయన తలెత్తి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి, బైనాక్యులర్ అందుకుని, నా వేలు చూపిన వైపు పెట్టేసరికి అక్కడ రెల్లు మాత్రమే ఉంది. అది ఒక్క అడుగు వెనక్కి వేసింది, అంతే.

"ఎక్కడ?"

"ఆ వంగిన కాడ పక్కన."

"ఏ వంగిన కాడ?"

అన్నీ వంగే ఉన్నాయి. గంటసేపు రెప్ప వాల్చకుండా చూశాం. అది మళ్ళీ రాలేదు. నీటి మీద వెలుతురు పలచబడింది.

"టీచరమ్మా, నేనూ చూశాను" అన్నాడు బాబాయి.

"మీరు చూడలేదు."

"నా కళ్ళ సంగతి నీకేం తెలుసు? వెంట్రుకంత స్ప్రింగుల్ని నలభై ఏళ్ళుగా చూస్తున్న కళ్ళివి. చూశానంటే చూశాను. సంతకం పెడతా. మీ అమ్మకు చెప్పు."

పెన్సిలు అప్పటికే కాగితం మీద ఉంది. పెట్టనివ్వాలని ఎంత అనిపించిందో నాకే తెలుసు. "వద్దు బాబాయ్. వాడు నిజంగానే చూశాడు. దానికి దొంగసాక్ష్యం ఎందుకు?" అన్నాను.

"సరే, దొంగసాక్ష్యం వద్దు. వాడు చూశాడు, నువ్వు చూశావు. ఇద్దరు అవలేదూ?"

"కలిసి చూడాలి."

"తగలెయ్య నీ నియమం. పోయినవాడితో కలిసి ఎట్లా చూస్తావమ్మా?"

అప్పుడు చెప్పాను, అమ్మకు కూడా చెప్పని మాట. "పోయిన ముందురోజు రాత్రి వాడు నా గది గుమ్మంలో నిలబడి అడిగాడు బాబాయ్. 'అక్కా, రేపు నువ్వూ రా, ఇద్దరం చూస్తే అయిపోతుంది కదా' అన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఇంకా ముప్పై రెండున్నాయి, వచ్చే ఆదివారం చూద్దాంలే అన్నాను. తల కూడా ఎత్తలేదు."

బాబాయి నోటుబుక్కు మూశాడు. పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. బైనాక్యులర్ మళ్ళీ సందుకు ఆనించి, "ఎక్కడ నిలబడింది? మొదట్నుంచీ చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఒడ్డు నుంచి ఎన్ని బారలు, మెడ ఎంత ఎత్తు, కళ్ళు ఎటు తిరిగి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే అడిగి, ఖాళీ రెల్లును చూస్తూ తలూపాడు. రెల్లూ నీళ్ళూ ఒకే రంగులోకి వచ్చాక లేచాం. గేటు దగ్గర కోత యంత్రాన్ని అప్పుడే బండి మీద నుంచి దించుతున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఈసారి ఆమె అడగలేదు. నేనే ముందు ఆమె ఎదురుగా కూర్చుని, "అది ఉందమ్మా. నా కళ్ళతో చూశాను" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. "నీతో ఇంకెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

ఆమె నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "నా కోసం చెబుతున్నావు కదా" అంది. "లేదమ్మా, నిజంగా చూశాను" అన్నాను. మళ్ళీ అన్నాను. ఇంకోసారి అన్నాను.

"పోనీలే తల్లీ" అంది అమ్మ. "చేతులు ఎంత చల్లగా ఉన్నాయో చూడు. లోపలికి రా."