తుషార్ గారి హంస

మా ఆయన తాగడు, పేకాడడు. పుట్టింటికి వెళ్లినప్పుడు చెప్పుకోవడానికి నాకు సరైన ఫిర్యాదే లేకుండా చేశాడు. కవిత్వం రాస్తాడమ్మా అంటే, గార్లదిన్నెలో మా అమ్మ, "రాసుకోనీలే, నీకేం నొప్పి?" అంది.

నొప్పి ఉంది. రామాంజులు అన్న పేరు కవిత్వానికి మోటుగా ఉందని ఆయన తుషార్ అని పెట్టుకున్నాడు. తుషారమంటే మంచు. సరైన వాన చూసి మూడేళ్లయిన ధర్మవరంలో, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునే మా ఆయన మంచు. అప్పటినుంచి ఆయన నోట్లో వాళ్ల నాయన కూడా నాన్నగారైపోయారు.

1983 వేసవిలో ఆయనకొక ఆలోచన వచ్చింది. కలల మీద, తన మీద తానే రాసుకున్న కవితలను నేతగాళ్ల సంఘం హాల్లో చదవాలి. వెనక సంగీతం రావాలి, తెర మీద బొమ్మలు పడాలి. బి.ఏ. చదివినదాన్ని కనుక ఎంపిక నాకప్పగించాడు. ఎంపిక అంటే ఆయన చెప్పినవి వెతకడం: సముద్రం, మంచుకొండ, ఒంటరి పడవ. పాత క్యాలెండర్లు చింపి ఇస్తే, ఫోటో స్టూడియో పాపన్న స్లైడ్లు తీసిపెట్టాడు.

చిక్కు సంగీతం దగ్గర వచ్చింది. రేడియోలో వయొలిన్ వస్తుంటే పక్కన టేప్‌రికార్డర్ పెట్టాను. తిప్పి వింటే వయొలిన్ వెనక మా మామగారి మగ్గం. మామగారు శ్రీరంగప్ప నలభై ఏళ్లుగా నడిమింట్లో గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేస్తున్నారు.

"నాన్నగారూ, నాలుగు రోజులు ఆపండి," అన్నాడు మా ఆయన. "ఎలాగూ మీకు చూపు తగ్గింది. ఈ కార్యక్రమం కాగానే గుంత పూడ్పించి అక్కడ నా పుస్తకాలు పెట్టుకుంటాను. మట్టిబండికి చెప్పేశాను."

మామగారు పోగును అటూ ఇటూ నడిపే నాడె తీసి గూట్లో పెట్టారు. ఆ పూట సంగటి సగమే తిన్నారు.

మగ్గం ఆగింది. ఇప్పుడు వయొలిన్ వెనక బోరింగు దగ్గర తిప్పమ్మ, కదిరమ్మల బిందెల తగాదా రికార్డయింది. మళ్లీ పెడితే మేకలు. చివరికి మొదటి టేపునే తీసి ఉంచాను. అన్నిటిలోకీ తాళం తప్పనిది అదే మరి.

ఆఖరి కవిత 'నేనెవరు?' అన్నదానికి ఏ క్యాలెండరులోనూ బొమ్మ దొరకలేదు. మామగారి పెట్టెలోంచి, చీర అంచు కోసం ఆయన గీసుకున్న గ్రాఫ్ కాగితం తీసి, ఒక మూల మాత్రం దగ్గరగా తీయమని పాపన్నకు చెప్పాను. గళ్లలో ఎర్రచుక్కలు, పసుపుచుక్కలు. మా ఆయన ఆ స్లైడును కిటికీ వెలుతురులో చూసి మురిసిపోయాడు.

"ఎవరిదిది? ఫ్రాన్సు వాళ్లదా?"

"ఎవరో పెద్దాయనది," అన్నాను. అబద్ధమేం కాదు.

గుర్తుపట్టకపోవడంలో తప్పంతా ఆయనది కాదు. చిన్నప్పుడు మగ్గం దగ్గరికొస్తే చదువు అబ్బదని మామగారే తరిమేవారట.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. అందరూ నేతగాళ్లే. మామగారు ఒక మూల కూర్చున్నారు. సముద్రానికి ఎవరో ఆవులించారు. మంచుకొండకు ఒకాయన లేచి వెళ్లి, బీడీ తాగి వచ్చాడు. ఆఖరికి తెర మీద గళ్లు వెలిగాయి.

"నేనెవరు? ఏ కలలో నా ముఖం జారవిడుచుకున్నాను? ఎవరికి తెలుసు?" అని మా ఆయన గొంతు వణికించాడు.

ముందు వరుసలో కుళ్ళాయప్ప తల పక్కకు వంచాడు. వెనక వరుసలూ వంచాయి.

"తలకిందులు పెట్టినారప్పా. హంస కాళ్లు మీదికి ఉండాయి."

"ఇది హంస కాదు, ఆధునిక చిత్రకళ," అన్నాడు మా ఆయన మైకులో.

"యాడి కళైనా కానీ, హంసే. శ్రీరంగప్పన్న హంస. ముక్కుకాడ మూడు గళ్లు వదిలేది ఆయనొక్కడే."

"మా ఇంటిదాని పెండ్లిచీరకు ఇదే అంచు," అన్నాడు వెనక ఇంకొకాయన.

ఏది పైనో తెలియక పెట్టిన పాపన్న, స్లైడు తీసి తిప్పి పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఆ సాయంత్రానికి అవే మొదటివి. టేపులో వయొలిన్ అయిపోయి మగ్గం ఒక్కటే ఆడుతోంది.

"ఏమప్పా రామాంజులూ," అన్నాడు కుళ్ళాయప్ప. "నేనెవరో ఎవరికి తెలుసని అడిగితివి. ఊరందరికీ తెలుసు. నీకే తెలిసినట్టు లేదు."

అందరూ నవ్వారు. మామగారు నవ్వలేదు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మట్టిబండి వచ్చింది. "యాడ పోసేది సారూ?" అని వాకిట్లోంచి బండి తోలే బాలప్ప కేక. మా ఆయన గుంతలోకి కాళ్లు వదిలి మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు, ముప్పై ఐదేళ్లలో మొదటిసారి.

"కుదురుగా కూచో. పోగులు తెగుతాయి," అన్నారు మామగారు గడపలోంచి.

"అది హంస అని నాకు తెలీలేదు నాయనా."

"ఎట్ల తెలుస్తాది? నేను రానిస్తేగదా."

"చిన్నప్పుడు నువ్వు రానీలేదు. ఈ పొద్దు గుంత పూడుస్తానన్నది నేను," అన్నాడు. తర్వాత, మైకు లేకపోయినా వాకిట్లో బాలప్పకు కూడా వినపడేట్టు అన్నాడు: "తప్పు నాదే నాయనా."