ఒడ్డున పెట్టే ముద్ద

ఒంటారియో సరస్సును ఈదేవాళ్లకు ఒక నియమం ఉంది. పక్కనే పడవలో వచ్చేవాళ్లు తిండీ నీళ్లూ అందించవచ్చు కానీ, ఈదే మనిషిని వేలితో కూడా తాకకూడదు. తాకితే అక్కడితో ఆ ఈత చెల్లదు. ఈ సంగతి సుధామయికి కిందటేడూ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆకలేసిన కూతురు నోరు తెరిస్తే ఏ తల్లి చెయ్యి ఆగుతుంది, అందులోనూ గోరుముద్దలు తినిపించి పెంచిన చెయ్యి? పొడుగాటి కర్రకు గిన్నె కట్టి అందించాల్సిన పెరుగన్నాన్ని, సగం సరస్సు దాటి వచ్చిన ధాత్రి నోట్లో ముద్ద చేసి పెట్టేసింది. పడవలో ఉన్న పర్యవేక్షకురాలు వెంటనే విజిల్ ఊదింది.

ఆ రోజు తనుండే ఊరు కనాటాకు వెళ్లిపోయిన ధాత్రి మళ్లీ మిస్సిసాగాలోని అమ్మానాన్నల ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే "ఐయామ్ ఫైన్, మామ్" అని పెట్టేసేది. అన్నం కలిపినప్పుడల్లా సుధామయికి మొదటి ముద్ద గొంతు దిగేది కాదు. పిల్ల మీద బెంగతో సగమైపోయింది.

ఈ ఏడు ధాత్రి మళ్లీ ఈదుతోందని తెలిసి, భర్త రాజగోపాల్ కూతుర్ని బతిమాలి సుధామయికి పడవలో చోటు సంపాదించాడు. "చేతులు కట్టుకు కూర్చోవాలి మరి" అన్నాడు. నిన్న సాయంత్రం నీళ్లలో దిగిన పిల్ల, ఇవాళ ఎండెక్కినా ఇంకా ఈదుతూనే ఉంది.

పడవలో పక్కనే కూర్చున్న రాజగోపాల్‌కు నోరు ఊరుకోదు. ఫోన్లో ఏదో చదువుతూ, "ధ్రువపు ఎలుగుబంట్లు రోజుల తరబడి ఈదుతాయట, తెలుసా?" అన్నాడు.

"వాటి పిల్లలో?"

"పిల్ల అలిసిపోతే తల్లి వీపు మీద ఎక్కించుకుంటుందట."

"దానికి రూల్స్ లేవుగా, అదృష్టవంతురాలు" అంది సుధామయి. ఆ ఎలుగుబంటి మీద ఆమెకు నిజంగానే అసూయ కలిగింది.

టొరంటో ఒడ్డున, తాకి ఈత ముగించాల్సిన గోడ కనిపిస్తుండగా ధాత్రి ఆగిపోయింది. పెదవులు వణుకుతున్నాయి. "ఐ కాంట్, మామ్" అని ఏడ్చింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. సుధామయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చుంది.

"పెరుగన్నం తెచ్చానే! ఇక్కడ మాత్రం చచ్చినా పెట్టను. ఒడ్డెక్కాక పెడతా, రా!" అని కసిరింది. గొంతు కసిరింది గానీ కళ్లు మాట వినలేదు.

ధాత్రి ఒక్క క్షణం తల్లిని చూసింది. మొహం నీళ్లలోకి దించి మళ్లీ చేతులు వేసింది.

గోడను తాకి ఒడ్డెక్కగానే అందరూ ఆమెను చుట్టుముట్టి దుప్పట్లు కప్పారు. సుధామయి మాత్రం డబ్బా మూత తీసి, ముద్ద చేత్తో పట్టుకుని, రెండడుగుల దూరంలోనే నిలబడిపోయింది.

"ఏమండీ, ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అని భర్తను అడిగింది.

ఆయన జవాబు చెప్పేలోగా ధాత్రి దుప్పట్లోంచి నోరు తెరిచింది.

"పెట్టమ్మా."