రెండో చెయ్యి

ముడి రావడం లేదు. వంగి పళ్లతో లాగుతున్నాను, దారం నాలుక్కి ఉప్పగా తగులుతోంది, అయినా రావడం లేదు. తమ్ముడు రెండు చేతులూ నా ముందుకు చాపి, బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేసిన ఆ తెల్లదారం వైపు చూస్తూ, ఆలస్యంగా వచ్చే బస్సు కోసం కూర్చున్నవాడిలా ఓపిగ్గా కూర్చున్నాడు. వాడు కూర్చున్నది శవాన్ని పెట్టే ఫ్రీజర్ బాక్సు అంచు మీద. ఆ బాక్సు ఉన్నది బందరులోని మా టెలిఫోన్ బూత్‌లోనే అనుకుంటాను, కానీ గోడ పొడవునా వాడు ఇరవై ఏళ్లు పనిచేసిన ప్రెస్సులోని సీసపు అక్షరాల గళ్లపెట్టెలు నిలబడి ఉన్నాయి, వాటి చివర గుంటూరు ఆసుపత్రి వరండా మొదలవుతోంది, అక్కడెవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. ఇవన్నీ ఒక్కచోటికి ఎలా వచ్చాయని నాకు తోచదు. నాకున్న తొందర ఒక్కటే, ముడి విప్పితే గాని వాడు మాట్లాడలేడు.

భావనారాయణకి రెండో ఏట జ్వరం తగిలి చెవులు పోయాయి. అప్పటి నుంచీ వాడి మాటంతా చేతుల్లోనే. వాడు పోయిన రోజున పద్ధతి ప్రకారం కాళ్ల బొటనవేళ్లూ చేతుల బొటనవేళ్లూ కట్టాలన్నారు, దారం అడిగారు, పుస్తకాలు బైండు చేసే దారపుండ నేనే తెచ్చి ఇచ్చాను. కట్టడం అయిపోయాక, నలుగురూ లేచాక, అప్పుడు తెలిసింది నాకు, దగ్గరుండి వాడి నోరు కట్టించానని.

దారం తెగుతుంది. వాడు మణికట్లు తిప్పుకుని, వేళ్లు ఒక్కొక్కటే విరుచుకుని, పోయి నలభై రోజులైన మనిషి అడగదగ్గ ప్రశ్నలన్నీ వదిలేసి ఇది అడుగుతాడు.

"నా కంప్యూటర్ ఎవరు ఆపారు?"

"నేనే," అంటాయి నా చేతులు.

"ఎందుకు?"

"నిన్ను పెట్టడానికేరా. ఈ బాక్సుది మూడు పిన్నుల ప్లగ్గు. మనింట్లో అలాంటి సాకెట్టు ఒక్కటే కదా ఉంది. మే నెల ఎండ, ఇంటినిండా జనం, ఒకటే తొందర పెట్టారు. నీ కంప్యూటర్‌ది పీకేసి దీనిది పెట్టాను."

"ముందు షట్‌డౌన్ చెయ్యాలి. ఎన్నిసార్లు నేర్పాను అక్కా!"

"ఆ పూట నాకు అవన్నీ గుర్తుంటాయట్రా?"

నవ్వుతాడు. బతికుండగా వాడిలో నవ్వుకి మాత్రం చప్పుడుండేది, వీధి చివరికి వినబడేది, ఇప్పుడు అదీ లేదు. నాకు ఒళ్లు మండుతుంది. ఈ నలభై రోజులూ నేను పడ్డ పాట్లు వీడికేం తెలుసని, దులిపేద్దామని, నిలబడి మొదలుపెడతాను.

"నీ స్నేహితులకి నువ్వు పోయావని చెప్పాలా వద్దా? ఫోన్ చేస్తే ఎత్తి వినేవాళ్లా వాళ్లు? నీ చదువునాటి హాస్టల్ చిరునామాకి కార్డు రాస్తే తిరిగొచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ గారిని పిలిపించాను. ఆయన నీ డబ్బా విప్పి మూడు వారాలు కూర్చున్నాడు. 'అమ్మా, ఫైలు రాస్తుండగా కరెంటు తీసేశారు, అడ్రసుల పుస్తకం సగంలో చచ్చిపోయింది' అన్నాడు. చచ్చిపోయిందనే అన్నాడు, ఆ మాటే."

"ఎన్ని వచ్చాయి?"

"నూట పన్నెండులో నలభై ఒకటి. నీకొచ్చిన ఉత్తరాలు ఒక్కటీ రాలేదు."

వాడి మొహం చూసి నా కోపం చల్లారిపోతుంది. ఆ నూట పన్నెండు మందీ ఎవరో నాకు తెలుసు. వాడితో పాటు బధిరుల బడిలో చదివి, తలో ఊరికీ చెదిరిపోయిన వాళ్లు. ఊరందరినీ ఊరందరితో మాట్లాడించిన బూత్ మాది, నా సొంత తమ్ముడికి మాత్రం ఆ ఫోన్లు పనికిరాని డబ్బాలు. ఈమెయిలంటూ ఒకటి వచ్చాకే వాడికి ఊళ్లు దగ్గరయ్యాయి. ఒకణ్ని పట్టుకుని, వాడి ద్వారా ఇంకొకణ్ని పట్టుకుని, పదేళ్లపాటు ఒక్కొక్క అడ్రసూ చేర్చుకున్నాడు. మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు. ఆ పుస్తకం పోతే వాళ్లకి వాడు లేడు, వాడికి వాళ్లు లేరు.

"రెండు జడలకి చెప్పావా?" అంటాడు.

చెవులు వినబడనివాళ్లు ఒకరికొకరు పేర్లు పెట్టుకుంటారు, చేత్తో చూపించే పేర్లు. గడ్డం మీద మచ్చ, పన్నెండు ఇడ్లీలు, వంకరవేలు, రెండు జడలు. కంప్యూటర్‌లో కూడా తమ్ముడు అవే ఎక్కించాడు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. బారసాలనాటి పేర్లు వాడికి గుర్తుండేవి కావు. నాకూ ఒక పేరుంది, చూపుడువేలితో పెదవి మీద రెండుసార్లు తట్టడం, నోరు అని. ఆరో ఏట పెట్టాడు. రేషన్ షాపులో, ఆసుపత్రిలో, వాడికి తప్పిపోయిన రెండు పెళ్లిచూపుల్లో, వాడి నోరు నేనే మరి. ఇందాకటి నుంచీ వాడు నన్ను ఆ పేరుతో పిలవలేదన్న సంగతి గమనిస్తాను, గమనించి ఊరుకుంటాను.

"చెప్పలేదు. ఆమె అడ్రసు రాలేదురా."

"ప్రతి ఆదివారం రాస్తుంది. నేను జవాబు ఇవ్వకపోతే కోపం అనుకుంటుంది."

ఎన్ని ఆదివారాలయ్యాయో ఇద్దరం లెక్కపెట్టుకోము. "పోనీ నీ ఈమెయిలు పాస్‌వర్డు చెప్పు, దాంట్లో పడ్డ ఉత్తరాలు చూసి అందరికీ నేనే రాస్తాను," అని బతిమాలతాను. వాడు నా ముంజేతి మీద వేళ్లు పెట్టి టకటకా పదకొండుసార్లు కొడతాడు, కీబోర్డు మీద కొట్టినట్టు. ఏ వేలు ఏ అక్షరమో నాకు తెలియదు, మళ్లీ కొట్టమంటాను, మళ్లీ పదకొండు దెబ్బలు, చల్లగా, అంతే. తెలియలేదని తల అడ్డంగా ఊపితే లేచి గళ్లపెట్టెల దగ్గరికి వెళ్తాడు. సీసపు అక్షరాలు ఏరి, వెనకటిలాగే చూడకుండా చకచకా పేర్చి, ఒక వరస నా అరచేతిలో పెడతాడు. "రెండు జడలు. పట్టుకో." చదువుదామని కళ్లజోడు సవరించుకునేలోగా ఆ అక్షరాలు ఐసుముక్కలై, నీళ్లయి, వేళ్ల సందుల్లోంచి కారిపోతాయి. ఇంకొక వరస పేరుస్తాడు. అదీ అంతే. నాలుగుసార్లు పేర్చాక, నేల మీద పాదాలు తడిసేన్ని నీళ్లు చేరాక, ఇద్దరం మానేస్తాం.

అప్పుడు నాకు నిన్నటి కాగితాలు గుర్తొస్తాయి.

"మస్తాన్ గారు తీసిచ్చిన కాగితాల్లో కొన్ని పేర్ల పక్కన 'చెప్పాను' అని ఉందిరా. 'ఏం చెప్పారమ్మా?' అని ఆయన అడిగితే నేను తెల్లమొహం వేశాను. ఏం చెప్పావు?"

వాడు బదులుగా వేళ్లు లెక్కపెట్టుకుంటాడు. "ఇరవై ఆరు. రోజుకి ఒకరు. ఓపిక ఉంటే ఇద్దరు. ఇంకా ఎనభై ఆరు మిగిలారు."

"ఏం చెప్పావురా?"

వరండాలో ఏదో నంబరు పిలుస్తారు, అది మాదే. నడిచినట్టే ఉండదు కానీ డాక్టరు గదిలో ఉన్నాం. డాక్టరు మాకు వీపు పెట్టి, పొట్ట లోపలి ఫోటోని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు, ఆ రోజు నిలబడ్డట్టే. ఆ రోజు ఆయన ఇటు తిరగకుండానే మాట్లాడాడు. "నెలరోజులమ్మా, మహా అయితే. చెప్పాల్సినవాళ్లకి చెప్పుకోండి," అన్నాడు. తమ్ముడికి ఆయన పెదవులు కనబడలేదు. వాడు నా వైపు తిరిగాడు, చిన్నప్పటి నుంచీ తిరిగినట్టే, లోకం ఏమందో నేను చెబుతానని. నేను చెప్పాను. మందులు వాడితే తగ్గిపోతుందన్నాడని చెప్పాను. "స్నేహితులకి రాయనా?" అని అడిగాడు. "ఇప్పుడెందుకు, తగ్గాక రాద్దువుగాని," అన్నాను. ఇరవై రెండు రోజులకి పోయాడు. నలభై ఏళ్లపాటు ఒక్క మాట మార్చకుండా చెప్పినదాన్ని, వాడికి అన్నింటికన్నా అవసరమైన మాట మార్చేశాను. ఈ పాపం నాది. ఇంకెవరి నెత్తిన వేయను.

ఇప్పుడు మళ్లీ నా వైపు తిరుగుతాడు.

"డాక్టరు ఏమన్నాడు?"

"తగ్గిపోతుందన్నాడు."

కలలో కూడా అదే మాట. నాకే సిగ్గేస్తుంది. వాడు నా మొహం చూడడం లేదు, నా ఎడమచేతిని చూస్తున్నాడు. ఆ చెయ్యి కొంగు ఉండచుట్టి పట్టుకుని ఉంది. తగ్గడమన్న సైగ రెండు చేతులతో చెయ్యాలి, నేను కుడిచేత్తోనే చేశాను. ఆ రోజూ ఇంతే చేశానా? గుర్తు రాదు, గుర్తు చేసుకోవడానికి భయం వేస్తుంది.

"రెండో చెయ్యి ఏదీ?" అంటాడు.

"ఉంది."

"వదులు."

కొంగు వదలడం ఇందాకటి ముడి విప్పడం కన్నా కష్టంగా ఉంటుంది. వదిలేసి, రెండు చేతులూ వాడి ముందుకు ఎత్తి, ఆ రోజు డాక్టరు అన్నది అన్నట్టుగా, ఒక్క అక్షరం మింగకుండా చెబుతాను. నెల. మహా అయితే. చెప్పాల్సినవాళ్లకి చెప్పుకోండి. చెబుతుంటే ఏడుపు తన్నుకొస్తుంది, చేతులు ఖాళీ లేక కళ్లు తుడుచుకోను. వాడు శ్రద్ధగా చూస్తాడు. చివరిదాకా చూసి, తలాడిస్తాడు, తెలిసిన సంగతే విన్నవాడిలా.

"నీకు తెలుసా? ముందే తెలుసా నీకు? ఒరేయ్, చెప్పు!"

చెప్పబోతాడు. కానీ వేళ్లు వంగడం లేదు. గోళ్ల దగ్గర మొదలైన నీలం వేళ్ల కణుపుల దాకా పాకింది, ఆ రోజు బాక్సు అద్దంలోంచి చూసిన నీలమే. నా చేతుల్లోకి తీసుకుని రుద్దుతాను, నోటి ఆవిరి పడతాను. బిగుసుకుపోయిన చూపుడువేలిని ఎలాగో పైకి ఎత్తి, వాడు తన పెదవి మీద తట్టుకుంటాడు. ఒకసారి. రెండోసారి. నా పేరు. అమ్మయ్య, పిలిచాడు. పిలిచి, ఆ వెనకాలే ఇంకేదో చెప్పడానికి అరచెయ్యి తెరుస్తాడు, ఆ చెయ్యి అడ్డంగా కదలడం మొదలుపెడుతుంది, అది సగంలో ఉండగా గదిలో వెలుతురు మొత్తం పోతుంది, ఎక్కడో తిరుగుతున్న చిన్న ఫ్యాను నెమ్మదించి ఆగిపోతుంది. నా చేతిలో ఏదో ఉంది. తడిమితే మూడు పిన్నులు తగులుతాయి.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. బూత్‌లో కుర్చీలోనే నిద్రపోయాను. కరెంటు పోయి ఎంతసేపయిందో, మెడ కింద జాకెట్టు తడిసి ముద్దయింది. ఎడమచేతిలో నలిగిన కాగితం ఉంది. మస్తాన్ గారు నిన్న ఇచ్చిన మూడు కాగితాల్లో చివరిది, "దీంట్లో అంతా చెత్త అక్షరాలేనమ్మా, పనికిరాదు" అన్నది. మొదటి రెండూ దేవుడి పటం వెనక దాచి, దీన్ని మడిచి, ఉక్కకి విసనకర్రగా వాడుతూ కునుకు తీశాను.

మడత విప్పాను. ఖాళీ గళ్లు, ప్రశ్నార్థకాలు, ఏ భాషా కాని గీతలు, పేజీ పొడవునా అంతే. చిట్టచివర, కాగితం అంచుకి ఆనుకుని, ఆయన కంటికి ఆనని ఒక్క వరస మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. పేరు దగ్గర 'నోరు' అని ఉంది. నాకు ఈమెయిలు లేదు కాబట్టి అడ్రసు గడి ఖాళీగా ఉంది. మిగతావాళ్లకి 'చెప్పాను' అని రాసుకున్న గడిలో నాకు 'చెప్పకూడదు' అని రాసి ఉంది.

ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.