నల్లగీతల మధ్య ఫొటో

ప్రెస్ నుంచి కట్టలు దిగిన రోజు నీలాంబికకు నడుం వాల్చే తీరిక ఉండదు. ధారవాడలో కన్నడ సాహిత్యమంటే చెన్నబసప్పగారి 'హొసనేగిలు' మాసపత్రికే అంటారు అందరూ. ఆ పత్రికను మడిచి, కాగితం చుట్టి, చిరునామాలు అంటించి పోస్టుకు పంపేది మాత్రం ఆయన భార్య. లోపల ఎక్కడా ఆమె పేరుండదు. ఆమె కాచిన మైదా జిగురు మాత్రం ప్రతి చందాదారుడికీ చేరుతుంది.

ఆవేళ గోళ్ళనిండా జిగురుతోనే ఒక సంచిక తిరగేసింది. కన్నుమూసిన రచయితల పాత కథలు వేసే స్మరణ పుట దగ్గర చూపు ఆగింది. బావిగట్టున బట్టలుతుకుతూ తనలో తను మాట్లాడుకునే ఒక కోడలి కథ. ఎవరోగానీ కడుపులో మాట రాసింది, ఇంకా బతికుంటే ఎన్ని రాసేదో పాపం అనుకుంటూ పేరు చూసింది. కీర్తిశేషులు నీలా హిరేమఠ. నల్లగీతల మధ్య రెండు జడల పిల్ల ఫొటో. ఫొటో తనదే, ఆ పేరుతో ఒకప్పుడు కథలు రాసిందీ తనే.

బతికుండగానే చంపేశారన్నది ఒక ఎత్తు, తన కథను తనే పోల్చుకోలేకపోవడం ఒక ఎత్తు. "ఇంటికోడలి పేరు ఊరందరి నోళ్ళలో నానాలా?" అని అత్తగారన్న రోజున కలం పక్కన పెట్టింది. "నువ్వూ రాస్తూ కూచుంటే నా కట్టలెవరు చుడతారే?" అని ఈయన నవ్వితే, సిగ్గులేకుండా తనూ నవ్వింది.

లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ, నేనెప్పుడు పోయాను?"

చెన్నబసప్ప తలెత్తలేదు. "ఓ, అదా! రావలసిన కథ రాలేదు. పుట ఖాళీగా ఉంటే నీ పాతది తీసిచ్చాను."

"మరి కీర్తిశేషులనెందుకు?"

"బతికున్నవాళ్ళకి ఆ పుటలో చోటెక్కడిదే? పైగా సంపాదకుడు పెళ్ళాం కథ వేసుకున్నాడంటారు. అయినా నువ్వు రాయడం మానేసి ఎన్నేళ్ళయింది, ఎవరికి గుర్తుంటావ్? రాద్ధాంతం చెయ్యకు. పోస్టు వేళవుతోంది. ముందు రెండు రొట్టెలు తట్టు, ఆకలేస్తోంది."

నీలాంబిక చేతులు శుభ్రంగా కడుక్కుంది. కట్టలన్నీ తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది, పక్కనే జిగురుగిన్నె కూడా. చుట్టుకాగితం ఒకటి తీసుకుని గడపమీద కూచుని కలం మూత తీసింది.

"అదేంటే, అలా కూచున్నావ్? రొట్టెలో?"

"చచ్చినదాని చేత రొట్టెలు తట్టించుకుంటారా ఎవరైనా?" అంది నీలా హిరేమఠ, కాగితం మీంచి తలెత్తకుండా.