సగం సెహ్రా

పెళ్లికొడుకు ముఖం మీద పూలసరాలు వేలాడితే చూసేవాళ్లకు ముచ్చట. షఫీక్‌కి మాత్రం ఆ సెహ్రా మాట వినగానే గుండెల్లో రాయి పడింది.

నరసరావుపేటలో బైకులు బాగుచేసే షఫీక్ ఇంటికి ఏటా వేసవిలో ఆరు వారాల పాటు ఒక చుట్టం వస్తుంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఎడమ కన్ను వెనకాల దిగబడి, గంటసేపు చంపుకుతిని పోతుంది. క్లస్టర్ తలనొప్పి అన్నాడు డాక్టరు. నొప్పి పోయాక కూడా ఎడమ చెంప మీద ఈగ వాలితే చాలు, ప్రాణం విలవిల్లాడుతుంది. దువ్వెన, దిండు, ఫ్యాను గాలి, అన్నీ శత్రువులే. పెద్దలు సరిగ్గా ఆ వారాల్లోనే నిఖా పెట్టారు.

చెప్పేస్తే పోయేదిగా అంటారా? కిందటేడు మాచర్ల సంబంధం వాళ్లకు చెప్పాడు. తలలో ఏదో ఉందంటూ వాళ్లు టీ కూడా తాగకుండా లేచిపోయారు. అందుకే ఈసారి నోరు కుట్టేసుకున్నాడు. సత్తెనపల్లి సమ్రీన్ అంతగా నచ్చింది మరి.

మాట ఖాయమైన రోజు ఎర్రటి ఎండలో చలిగా ఉందంటూ ఫ్యానుకు దూరంగా కుర్చీ జరుపుకున్నాడు. సమ్రీన్ అమ్మమ్మ సైదాబీ ప్రేమగా రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది. ఎడమ చెంప భగ్గుమంది. తల వెనక్కి లాక్కుని, కళ్లలో తిరిగిన నీళ్లు ఆనందబాష్పాలని బుకాయించాడు.

పెళ్లికి నాలుగు రోజుల ముందు ధైర్యం చేసి సైదాబీకి ఫోన్ చేశాడు.

"నానీ, సెహ్రా లేకుండా కానిద్దామా? ఇప్పుడెవరూ కట్టుకోవట్లేదు."

"ఏందయ్యా ఆ మాట? సెహ్రా వద్దంటే పిల్లని వద్దన్నట్టే. నా చేత్తో నేనే కడతా."

కట్టుకుంటే ఖాజీ ముందే కేక పెడతాడు. వద్దంటే సమ్రీన్ దక్కదు. అలవాటు చేసుకుందామని మూరెడు మల్లెపూలు తెచ్చి చెంపకు ఆనించుకుని గావుకేక పెట్టాడు.

"పూలకే ఇట్టా అరిస్తే పెళ్లామొచ్చాక ఏం చేస్తావురా?" అన్నాడు పక్క కొట్టు పున్నారావు బాబాయి.

నిఖా రోజు మూడింటికి చుట్టం ఠంచనుగా వచ్చిపోయింది. ఐదింటికి సైదాబీ పూలపళ్లెంతో వచ్చింది. షఫీక్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అతని టోపీకి కుడివైపున ఆమె పిన్నీసుతో ఏదో గుచ్చింది. కుడి చెంప మీదికి పూలు జారాయి. ఎడమవైపు ఏమీ తగల్లేదు. కళ్లు తెరిచేసరికి జనం గొల్లున నవ్వుతున్నారు.

"నువ్వు ఫోన్ చేసిన రోజే సమ్రీన్ చెప్పింది," సైదాబీ గొంతు తగ్గించింది. "నా చెయ్యి తగిలితే నువ్వు ఎట్టా అల్లాడావో అది చూసిందంట. ఎడం పక్క ఒక్క పువ్వు కూడా ఉండటానికి లేదని పట్టుబట్టింది. ముందే చెబితే మేమేమన్నా కొరుకుతామా?"

ఈసారి కుడి చెంపే నిమిరి, ఒక్క చేతి మెటికలే విరిచింది. షఫీక్ కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. బుకాయించాల్సిన పని లేకపోయింది.

ఖాజీ ముందు ఇద్దరూ ఖబూల్ అన్నాక, అద్దంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలని సమ్రీన్‌ని తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. కొత్త పెళ్లికూతురు సిగ్గుపడుతూ ఏమంటుందోనని ఆడవాళ్లంతా చెవులు రిక్కించారు. సమ్రీన్ అద్దం వైపు చూడనేలేదు. మేలిముసుగు పైకెత్తి ఎదురుగా తిరుగుతున్న స్టాండు ఫ్యాను వైపు చెయ్యి చూపించింది.

"ముందు ఆ ఫ్యాను అటు తిప్పండి. ఆయనకి ఎడం పక్క గాలి తగులుద్ది."