వేలు తీశాక

"ఏమే పిల్లల తల్లీ, ఆ స్వరం చివర ఇంకాస్త సాగదియ్యి. రేపు మా తమ్ముడి పెళ్లాం సలాం" అన్నారు మా ఆయన, పలావుకి క్యారెట్ తరుగుతున్న నన్ను చూసి. చేతులు కడుక్కుని సింథసైజర్ ముందు కూర్చున్నాను. మా ఉజ్బెక్ ఊరు మర్గిలాన్‌లో పెళ్లిళ్లకి వాయించేది ఆయన, అందులోని స్వరాలు మలిచేది నేను. అందుకు నాలుగు నాబ్‌లు. స్వరం ఎంత చప్పున లేవాలో ఒకటి, ఎంత త్వరగా తగ్గాలో ఇంకొకటి. మెట్టు మీద వేలున్నంతసేపూ ఎంత గట్టిగా నిలవాలో మూడోది, వేలు తీశాక ఎంతసేపటికి పోవాలో నాలుగోది. పెళ్లికి ముందు రెండు తీగల దుతార్ వాయించినదాన్ని, తీగ మోత ఎలా పుట్టి ఎలా పోతుందో నా వేళ్లకి తెలుసు. "ఉల్మస్ పెట్టెలో దుతార్ మాట్లాడుతుందయ్యా!" అంటారు ఊళ్లో. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచుతారు. గిన్నెలు తోముతూ వింటాను. ఒళ్లు మండిపోతుంది.

సలాం అంటే, పెళ్లైన మర్నాడు పొద్దున్నే కొత్త కోడలు ముసుగేసుకుని వాకిట్లో నిలబడాలి. ఒకామె అత్తవారి బంధువుల పేర్లు వరసగా పాడుతుంది. పేరుకో స్వరం పెట్టె మీద, స్వరానికో వంగడం. ఆ స్వరం ఆగేదాకా తలెత్తకూడదన్నది మా అత్తగారు పెట్టిన పద్ధతి. నా సలాంలో నలభై మూడు పేర్లు. ముందుకి తూలి పడబోతే, "నడుములో ఎముకల్లేవా దీనికి?" అన్నారావిడ. అందరూ నవ్వారు. పదమూడేళ్లయింది, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మర్నాడు ముసుగు సర్దుతుంటే, "ఓపా, నిన్నట్నుంచీ ఏమీ తినలేదు. కళ్లు తిరుగుతున్నాయి" అంది అయ్‌దిన్, నా కొత్త తోడికోడలు. నన్ను ఓపా అంటుంది, అక్క అని. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆయన టీ తాగుతుండగా వెళ్లి నాలుగో నాబ్ సున్నాకి తిప్పేశాను. వేలు తీయగానే స్వరం ఆగుతుంది, పిల్ల వెంటనే తలెత్తొచ్చు. మూడోది కూడా తిప్పితే వేలు ఎంతసేపు నొక్కినా స్వరం నిలవదు. కానీ అది నా పనేనని ఆయనకి తెలిసిపోతుంది. నాలుగోదైతే, తుడుస్తుంటే చెయ్యి తగిలిందనొచ్చు. అంతే నా ధైర్యం.

మామగారి పేరు పాడారు. మా ఆయన మెట్టు నొక్కగానే అయ్‌దిన్ వంగింది. ఆయన వేలు తీశారు. స్వరం టక్కున ఆగింది. అయ్‌దిన్ లేచి నిలబడింది.

"అబ్బో, మహారాణి అప్పుడే లేచిందే!" అన్నారు అత్తగారు. "మళ్లీ వంగమను. ఒరేయ్ ఉల్మస్, నీ పెట్టెకేం రోగం?"

ఆయన నాబ్‌ల వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. మళ్లీ మెట్టు నొక్కి, ఈసారి వేలు తీయలేదు.

స్వరం మోగుతూనే ఉంది. "కోడలంటే ఇలా ఉండాలమ్మా" అంది ఎవరో ముసలావిడ. ముసుగు అంచు వణుకుతోంది. పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. కిందనుంచి చిన్న గొంతు వినిపించింది.

"లేవొచ్చా ఓపా?"

అత్తగారు నన్నే చూస్తున్నారు.

"ఇప్పుడే కాదు" అన్నాను.